తొమ్మిది నిమిషాలు ఆలస్యమైన గ్రహం

పని ఏమిటంటే

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: దుర్భిణిలోంచి గ్రహాన్ని కళ్లారా చూశారా సార్ అని. చూడలేదు. మేం వెతికిన రకం గ్రహాన్ని కంటితో చూడటం ఎవరి తరమూ కాదు. ముప్పై ఏళ్లకు పైగా చుక్కల కొలువు చేస్తే నాకు మెడనొప్పి రాలేదు, నడుంనొప్పి వచ్చింది. ఎందుకంటే పని ముప్పాతిక వంతు పగటిపూట, కుర్చీలో, అంకెల ముందు కూర్చుని చేసేదే.

మా వేధశాల రఘునాథపల్లి స్టేషన్ అవతల ఒక బోడిగుట్ట మీద ఉండేది. గుండ్రటి కప్పు, దాని కింద ఓ నడిమి సైజు దుర్భిణి, రెండు గదులు, వానొస్తే కారే వరండా. మేం చేసిందల్లా ఎర్రటి మరుగుజ్జు నక్షత్రాలను వరసగా ఫొటోలు తీసి, ఒక్కో ఫొటోలో వాటి వెలుగెంతో కొలవడం.

మరుగుజ్జులే ఎందుకంటారా? సూర్యుడిలాంటి నక్షత్రం గడ్డివాము మంట అనుకుంటే, మరుగుజ్జు పిడక నిప్పు. చిన్నది, మసక, కానీ రగులుతూనే ఉంటుంది. అంతకంటే చిన్నవీ ఉన్నాయి, అసలు అంటుకోనే లేక నక్షత్రమూ కాక గ్రహమూ కాక మిగిలినవి. వాటి జోలికి పోయే శక్తి మా దుర్భిణికి లేదు. పెద్ద లైటు ముందు ఈగ వాలితే ఎవరికి తెలుస్తుంది? గుడ్డిదీపం ముందు వాలితే తెలుస్తుంది. గ్రహం తన మరుగుజ్జుకు అడ్డం వచ్చినప్పుడు ఆ వెలుగు నూటికి ఒక వంతు తగ్గి, గంట తిరిగేలోపు మళ్లీ మామూలవుతుంది. ఆ తగ్గుదలే మాకు గ్రహం. మిగతాదంతా లెక్క.

కాబట్టి మా పనిలో ఉన్నవి రెండే: వెలుగెంత, టైమెంత. వెలుగు కొలవడానికి పిల్లలు నెలల తరబడి తలలు బద్దలుకొట్టుకుంటారు. టైమును మాత్రం, గోడ మీద గడియారం ఉంది కదా అని లోకువగా చూస్తారు. నేనూ అలాగే చూశాను. ఆ ముచ్చట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పెద్దసారు, ఆయన గడి

నా మొదటి అధికారిని మేం పెద్దసారు అనేవాళ్లం. కోస్తా నుంచి వచ్చిన మనిషి. పనిలో రాక్షసుడు, నోరు మాత్రం మంచిది కాదు. నేను జఫర్‌గఢ్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. "గట్లనే సార్, అయితది సార్" అని నేనంటే, ఆయన అదే మాటను సాగదీసి మళ్లీ అనేవాడు. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వేవాళ్లు. వాళ్లతో పాటు నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికి పోయాక నాకు మండేది ఆయన మీద కాదు, నవ్విన నా మీద.

నా కాపురం జనగామలో. రోజూ పొద్దున ప్యాసింజర్ ఎక్కి రఘునాథపల్లిలో దిగేవాణ్ణి. చేరిన నెలలోనే ఒకరోజు బండి తప్పింది. ఆ రోజే బయటినుంచి అతిథులొచ్చారు. గుట్ట ఎక్కి చెమటలు కక్కుతూ నిలబడ్డ నన్ను చూపించి పెద్దసారు వాళ్లతో, "వీళ్లకి గడియారంతో పనేముందండీ, ఎండపొడ చూసుకుని బయల్దేరతారు" అన్నాడు. అతిథులు మర్యాదగా నవ్వారు.

ఆ సాయంత్రం నా చేతి గడియారాన్ని తొమ్మిది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టాను. మా వైపు ఇదేం వింత కాదు. ప్యాసింజర్ బండి మీద బతికే కొలువుగాళ్ల ఇళ్లల్లో ఏ గడియారమూ సరైన టైం చూపించదు. ఒకరిది ఐదు ముందు, ఇంకొకరిది పది ముందు, ఎవరి భయాన్ని బట్టి వాళ్లది. నాది తొమ్మిది. ఆ ముల్లు అలా ముందున్నన్నాళ్లూ నాకు మళ్లీ బండి తప్పలేదు. చూసిన ప్రతిసారీ తొమ్మిది తీసేసుకోవడం తలగోక్కున్నంత అలవాటైపోయింది.

అదే పెద్దసారు చేసిన మంచి కూడా చెప్పాలి. వేధశాల రిజిస్టరులో ప్రతి పేజీ చివర ఆయన ఒక గడి గీయించాడు. దాని పేరు "ఏ గడియారం?" నువ్వు రాసిన టైం ఎక్కడ చూసి రాశావో అందులో నింపాలి. రేడియో గంటలా, కంప్యూటరా, నీ చేతి గడియారమా? నింపకపోతే ఆ రోజు పనంతా ఎర్రసిరాతో కొట్టేసేవాడు. ఎంత ఏడ్చినా వినేవాడు కాదు.

ఆయన బదిలీ మీద వెళ్లాక ఇన్‌చార్జి నేనయ్యాను. కొత్త రిజిస్టర్లు అచ్చు వేయించేటప్పుడు ఆ గడి తీయించేశాను. కంప్యూటర్ తన టైమును నెట్ నుంచి తానే దిద్దుకుంటుంది కదా, ఇక ఎందుకని అందరికీ కారణం చెప్పాను. అసలు కారణం, ఆ గడి చూస్తే ఆయన మొహం గుర్తుకు రావడం. అధికారి మీద కోపం ఉంచుకోండి, తప్పులేదు. ఆయన నేర్పిన మంచి అలవాటును మాత్రం ఆయన పెట్టెలో సర్ది పంపించకండి.

గుట్ట మీద ముగ్గురం

చివరి ఏళ్లలో గుట్ట మీద మిగిలింది ముగ్గురం. యాకూబ్ మా ఊరివాడే. మోటారు వైండింగ్ నేర్చినవాడు. దుర్భిణిని తిప్పే మోటారు కాలిపోతే విదేశాల నుంచి తెప్పించాలని నేను కాగితాలు రాస్తుండగా, తానే తీగ చుట్టి మూడో రోజుకు నడిపించాడు. అప్పట్నుంచి దుర్భిణి అతని చేతిలోనే ఉంది. భార్యతో గుట్ట కింది క్వార్టర్‌లో ఉండేవాడు. ఇంట్లో దక్కనీ, మాతో తెలుగు. నన్ను అందరి ముందూ సార్ అనేవాడు, ఇద్దరమే ఉంటే ఊళ్లోలాగా అన్నా అనేవాడు.

సుజాత నా దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల. కొత్తగూడ అవతల అడవిలో తండా వాళ్లది. ఇంటి భాష లంబాడీ, చదువు తెలుగులో మొదలై ఇంగ్లీషులోకి వచ్చింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆమెకు అప్పుడు గట్టి కష్టమే వచ్చి పడింది. డిసెంబరులోగా కొత్త ఫలితం ఏదైనా చూపించకపోతే పరిశోధన ఆపేయాలని కమిటీ రాసి పంపింది. ఇంటికి వచ్చేయమని వాళ్లన్న అంతకు ముందు నుంచే పోరుతున్నాడు. ఆ తండాలో అంతదాకా చదివిన ఆడపిల్ల ఇంకొకరు లేరు. ఆమె ఆగిపోతే వెనక వచ్చే పిల్లల్ని ఎవరూ పంపరని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

మేం చూస్తున్నది ఒక మరుగుజ్జును. దాని చుట్టూ ఒక గ్రహం ఉందని వేరేవాళ్లు అంతకుముందే కనిపెట్టారు. అది రెండు రోజులు తిరక్కుండానే ఒక చుట్టు తిరిగి, లెక్కగట్టిన నిమిషానికి నక్షత్రానికి అడ్డం వస్తుంది. మేం వానల ముందు చూసినప్పుడు ఠంచనుగా వచ్చింది. అది ఎప్పుడైనా ముందో వెనకో వస్తే, కనిపించని ఇంకో గ్రహం దాన్ని గుంజుతున్నట్టు. సుజాత ఆశంతా ఆ గుంజుడు మీదే.

సమ్మె

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. భూపాలపల్లిలో బొగ్గు బాయిలు ఆగాయి. యాకూబ్ బావమరిది అక్కడే పని. అక్కడ బొగ్గు ఆగితే ఇక్కడ కరెంటు ఆగింది. బస్సులు డిపోలు దాటలేదు. మహబూబాబాద్ దగ్గర జనం పట్టాల మీద కూర్చుంటే రైళ్లూ ఆగాయి. ప్యాసింజర్ కూత లేక జనగామ చిన్నబోయింది.

మేమూ సమ్మెలో ఉన్నాం. పగలు నేను జనగామ దీక్షా శిబిరంలో కూర్చునేవాణ్ణి. మరి సాయంత్రం దుర్భిణి తిప్పడం సమ్మెకు ద్రోహం కాదా అని నాకు పీకులాట. యాకూబ్ తేల్చేశాడు. చుక్కలను చూసుడు సర్కారు పని ఎట్లయితదన్నా, జీతం ఇయ్యకున్నా చూసేటోళ్లమే గద అన్నాడు. తన స్కూటర్ మీద నన్ను గుట్టకు తీసుకుపోయేవాడు. సుజాత యాకూబ్ వాళ్ల క్వార్టర్‌లోనే ఉండిపోయింది.

సమ్మె మొదట్లో ఒకరోజు మధ్యాహ్నం పోయిన కరెంటు పొద్దుగూకాక వచ్చింది. కంప్యూటర్ ఆన్ చేస్తే ఎప్పటిదో పాత తేదీ చూపించింది. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. నెట్ ఉంటే తానే దిద్దుకునేది. టెలిఫోన్ లైనూ పడిపోయింది, సమ్మె అయ్యేదాకా ఎవరూ బాగుచేయలేదు. సెల్‌ఫోన్ లేదా అంటారు. ఉంది, చార్జింగ్ లేదు. నక్షత్రం అప్పటికే పడమటికి జారుతోంది. యాకూబ్ పైన కప్పు తెరుస్తున్నాడు, సుజాత కెమెరా దగ్గర ఉంది. నేను మణికట్టు చూసి టైం కొట్టాను. రిజిస్టరులో "కరెంటు వచ్చింది, టైం పెట్టాను" అని రాసి పనిలో పడ్డాను.

నేనేం చేశానో మీకు ఇప్పుడే తెలిసిపోయింది. నాకు నెల దాకా తెలియలేదు.

ఆ తర్వాత యాకూబ్ పెద్ద బ్యాటరీ ఒకటి సంపాదించి తగిలించాడు, కరెంటు పోయినా కంప్యూటర్ ఆగకుండా నడిచింది. మబ్బు లేని సాయంత్రాలు మూడు దొరికాయి. మూడుసార్లూ గ్రహం అడ్డం వచ్చింది. సుజాత లెక్క కట్టి కాగితం నా ముందు పెట్టింది. మూడుసార్లూ తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది.

నేను కుర్చీలోంచి లేచి వరండాలోకి పోయి నిలబడ్డాను. ఆనందం పట్టలేకపోయాను, అబద్ధమెందుకు. మా గుట్ట మీద నుంచి, మా కారే వరండా నుంచి, ఎవరూ చూడని గ్రహం! ఎండపొడ చూసుకుని వచ్చేవాళ్లు పట్టుకున్నారు! ఆ క్షణంలో నాకు నక్షత్రం గుర్తు లేదు. పెద్దసారు మొహమే కనిపించింది.

సుజాత నెమ్మదిగా అంది. "సార్, మూడుసార్లు గూడ గదే తొమ్మిది. ఇంకోటి గుంజితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలె గద?"

సరైన మాట. మొదటి ఏడాది పిల్లలకు నేనే చెప్పే మాట. దానికి నేనేమన్నాను? "నీకు పట్టా రావుడు ఇష్టం లేదా ఏంది?" అన్నాను. ఆ పిల్ల కాగితాలు తీసుకుని లోపలికి పోయింది. నా కొలువులో సిగ్గుపడాల్సిన మాటలు కొన్ని అన్నాను, అందులో ఇది ముందు వరసలో ఉంటుంది.

మర్నాడు శిబిరంలో పక్కన కూర్చున్న బడిపంతులు చెవిలో వేశాను. సాయంత్రానికి జనగామంతా తెలిసింది. దానికి తెలంగాణ గ్రహం అని పేరు కూడా పెట్టేశారు. ఆదివారం శిబిరంలో నన్నే మాట్లాడమని అడిగారు. సరేనన్నాను. నిజం చెప్పాలంటే, వాళ్లు అడగకముందే ఏం మాట్లాడాలో నా మనసులో ఉంది.

మూలన ఉన్న జంట

ఆదివారం మధ్యాహ్నం గుట్ట మీద కాగితాలు సర్దుకుంటున్నాను. సుజాత వచ్చి ఇంకో కాగితం పెట్టింది. మా ఫొటోల్లో ఒక మూలన ఎప్పుడూ ఒక జంట నక్షత్రం పడేది. ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరిగే జంట, కొన్ని గంటలకోసారి ఒకటి ఇంకోదాన్ని కప్పుతుంది. ఎన్నో ఏళ్లుగా అందరికీ తెలిసిన లెక్క అది. మాకు దానితో పని లేదు, ఎవరూ కొలవరు. ఆ పిల్ల కొలిచింది. వానల ముందు ఫొటోల్లో ఆ జంట లెక్క ప్రకారమే ఉంది. సమ్మెలో తీసిన మూడు సాయంత్రాలూ తొమ్మిది నిమిషాలు వెనకుంది.

"గీ జంటను గూడ ఎవరన్న గుంజుతున్నరా సార్?" అంది. నవ్వలేదు.

ఇంకో ఊపిరి తీసుకునేలోగా నాకు అర్థమైపోయింది. గ్రహం ఆలస్యంగా రాలేదు, మా గడియారం ముందుంది. అర్థమైనవాడు ఏం చేయాలి? నేను యాకూబ్‌ను పిలిచాను. కంప్యూటర్ ముట్టింది నువ్వే కదా, బ్యాటరీ పెట్టినప్పుడు టైం చెడగొట్టావు, నీకు తెలియని పనిలో వేలెందుకు పెట్టావని నోటికొచ్చినట్టు అరిచాను. పెద్దసారు అతిథుల ముందు నన్ను అన్నట్టే, ఆ పిల్ల ముందు అతణ్ణి అన్నాను.

"నేను ముట్టలే సార్" అన్నాడు యాకూబ్. బయటికి పోయి స్కూటర్ పక్కన కూర్చున్నాడు.

సుజాత రిజిస్టరు తీసి ఆ పేజీ నా ముందు తెరిచింది. నా చేతిరాత, నా సంతకం. "టైం పెట్టాను." పేజీ చివర గడి ఉండాల్సిన చోట ఖాళీ.

"టైం దేన్ల చూసి పెట్టిండ్రు సార్?"

ఎడమచేతి చొక్కా మడత పైకి లాగాను. గోడ మీద రేడియో గంటలకు కలిపిన పాత గడియారం ఒకటి ఉంది, ఆ సాయంత్రం తలెత్తి చూసి ఉంటే సరిపోయేది. సుజాత దాన్ని చూసింది, నా మణికట్టు చూసింది, తల దించుకుంది. ముప్పై ఏళ్లుగా మర్చిపోకుండా తీసేసుకున్న తొమ్మిదిని, కరెంటు వచ్చిన సంబరంలో ఒక్కసారి మర్చిపోయాను. బండి తప్పకూడదనీ ఇంకొకడు నవ్వకూడదనీ పెట్టుకున్న తొమ్మిది నిమిషాలు ఆకాశంలో ఒక గ్రహాన్ని పుట్టించాయి.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది, దాచను. ఇవాళ ఒంట్లో బాగాలేదని కబురు పంపిస్తే చాలు. అబద్ధం చెప్పినట్టు కాదు, పోనట్టు అంతే. సమ్మె గొడవలో పది రోజులకు అందరూ మర్చిపోతారు. ఈ మాట పైకే అన్నాను కూడా.

సుజాత ఆలోచించింది. అక్కడ నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఆ పిల్ల. "నా సంగతి డిసెంబర్ల సూసుకుంట సార్. మీరు జనగామ పోయి చెప్పుండ్రి. లేకుంటే రేపు నిజంగ దొరికినా ఎవలు నమ్మరు" అంది.

శిబిరంలో

యాకూబ్ స్కూటర్ తీశాడు. తీయడేమో అనుకున్నాను. జనగామ దాకా అతని వీపు చూస్తూ కూర్చున్నాను.

శిబిరం నిండుగా ఉంది. మైకు ఇచ్చారు. నేను తిన్నగానే చెప్పాను. రెండో గ్రహం లేదు, నా చేతి గడియారం తొమ్మిది నిమిషాలు ముందుంది, దాన్ని చూసి నేను టైం పెట్టాను. తప్పు పట్టుకున్నది కొత్తగూడ తండా నుంచి వచ్చిన సుజాత. ఏ తప్పూ లేకుండా నా చేత తిట్లు తిన్నది యాకూబ్, ఇదిగో ఇక్కడే నిలబడ్డాడు, నన్ను క్షమించమని అందరి ముందూ అడుగుతున్నాను. ఇంతే.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను ముందుగా చెవిలో వేసిన బడిపంతులు లేచాడు. "గిసుంటి టైంల గిది చెప్పుడు అవసరమా సార్? వినెటోళ్లు ఏమనుకుంటరు మన గురించి?" అన్నాడు. అతనిలో కోపం కంటే బాధే ఎక్కువ కనిపించింది. అదే భయంతోనే కదా నేను ముప్పై ఏళ్లు గడియారం తిప్పుకున్నది.

ముందు వరసలో మక్కకంకులు కాల్చి అమ్మే అవ్వ ఒకామె ఉండేది, రోజూ అమ్మకం అయ్యాక వచ్చి కూర్చునేది. ఆమె అడిగింది.

"మరి మొదలున్న చుక్క ఉన్నదా బిడ్డా, అది గూడ లేదా?"

"ఉన్నదవ్వా. అది చెప్పిన టైంకే వస్తది."

"అయితే మంచిదే. కూసో మరి" అంది అవ్వ.

కూర్చున్నాను. యాకూబ్ వచ్చి నా ముందు చెయ్యి చాపాడు. గడియారం విప్పి ఇచ్చాను. శిబిరంలో రేడియో ఉంది. దాని గంటలు కొట్టేదాకా ఆగి, పక్కనున్న కీ లాగి ముళ్లు వెనక్కి తిప్పి, మళ్లీ నా చేతికి తానే కట్టాడు.

తర్వాత

సుజాత కొత్త గ్రహం లేకుండానే పరిశోధన పూర్తి చేసింది. మొదటి గ్రహం టైం తప్పడం లేదని, వేధశాల గడియారం మీద అనుమానం వస్తే ఫొటో మూలనున్న జంటను చూసి ఎలా పట్టుకోవచ్చో చూపిస్తూ ఒక చిన్న వ్యాసం రాసింది. కమిటీలో కొందరు మూతి విరిచారు, కానీ ఆపలేకపోయారు. అందులో తప్పు ఎవరిదో ఆమె రాయలేదు. రాయమని నేను పట్టుబట్టాను. "గడియారంది తప్పని రాసిన సార్, సాలదా?" అంది. ఇప్పుడామె పిల్లలకు పాఠాలు చెబుతోంది. కిందటేడు వాళ్ల తండా నుంచి ఇంకో పిల్ల పరిశోధనకు వచ్చిందని ఫోన్ చేసింది.

రిజిస్టరులో పెద్దసారు గడిని మళ్లీ అచ్చు వేయించాను. ఆయన మీద నా కోపం ఇప్పటికీ పోలేదు. ఆ గడిని మాత్రం మీరు ఏ వేధశాలకు పోయినా గీయించుకోండి. మీ చేతి గడియారాన్ని ఎందుకు ముందుకు తిప్పుకున్నారో కూడా ఒకసారి అడుక్కోండి.

సమ్మె ఆగి రైళ్లు నడిచిన మొదటి పొద్దున, పాత అలవాటు చొప్పున గడియారం చూసి, తొమ్మిది తీసేసుకుని, తీరిగ్గా ఇంట్లోంచి బయల్దేరాను. నేను జనగామ ప్లాట్‌ఫాం ఎక్కేసరికి ప్యాసింజర్ ఆఖరి పెట్టె సిగ్నల్ దాటుతోంది. బెంచీ మీద కూలబడి యాకూబ్‌కు ఫోన్ చేశాను. శిబిరం నాటి నుంచి అతను నాతో పని మాటలే మాట్లాడుతున్నాడు, అన్నీ సార్ అనే. బండి తప్పింది, ఆలస్యంగా వస్తానని చెప్పాను.

అవతలినుంచి నవ్వు వినిపించింది.

"అయితే గడియారం మంచిగున్నదన్నా."